ప్రచ్ఛన్న యుద్ధానికి బీజం ఎక్కడ పడింది: జర్మనీ తగాదా నుంచి రెండు శిబిరాల దాకా

1945 ఏప్రిల్ 25న జర్మనీలోని టోర్గావ్ పట్టణం దగ్గర ఎల్బే నది ఒడ్డున చేతులు కలిపిన అమెరికా, సోవియట్ సైన్యాలు మూడేళ్ళ రెండు నెలలకే అదే జర్మనీలో, బెర్లిన్ నగరం కోసం, యుద్ధం దాకా ఎలా వచ్చాయి, మొదటి తప్పు ఎవరిది అన్నది మీ ప్రశ్న. తెలుగునాట ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవారి ఇంటిని బట్టి మారుతూ వచ్చింది. మాస్కోలో అచ్చయిన చవక పుస్తకాలు చదివి పెరిగినవారు అమెరికా సామ్రాజ్యవాదం అంటారు, మిగిలినవారు సోవియట్ అధినేత స్టాలిన్ దురాశ అంటారు. డిగ్రీ విద్యార్థులకు ఈ పాఠాన్ని చాలా ఏళ్ళు చెప్పినవాడిగా నాకు ఆ రెండు జవాబులూ సరిపోవు. పాఠ్యపుస్తకాలు చెప్పే మూడో జవాబు, అంటే పెట్టుబడిదారీ వ్యవస్థకూ సామ్యవాదానికీ ఉన్న సిద్ధాంత వైరం అన్నది కూడా పూర్తిగా నిలవదు, ఎందుకంటే ఆ వైరం 1917 నుంచీ ఉంది, అది ఉండగానే 1941 నుంచి నాలుగేళ్ళపాటు రెండు దేశాలూ ఒకే పక్షాన పోరాడాయి. నా అంచనాలో ఈ తగాదాకు, అంటే ప్రచ్ఛన్న యుద్ధానికి, మూలం జర్మనీ. ఓడిపోయిన ఆ దేశాన్ని ఏం చేయాలి, దాని బొగ్గునూ ఉక్కునూ ఎవరి పునర్నిర్మాణానికి వాడాలి అన్న లౌకికమైన పేచీ చుట్టూ మిగిలిన అనుమానాలన్నీ అల్లుకున్నాయి.

యుద్ధం నుంచి ఎవరు ఎలా బయటపడ్డారో ముందు చూడాలి. సోవియట్ యూనియన్‌లో సుమారు 2.7 కోట్ల మంది చనిపోయారు. అమెరికా పోగొట్టుకున్నది సుమారు 4 లక్షల మందిని. సోవియట్ ప్రభుత్వం వేసిన లెక్కల్లో 1,710 పట్టణాలు, 70,000 గ్రామాలు ధ్వంసమయ్యాయి. అమెరికా ప్రధాన భూభాగంలో ఒక్క నగరం మీద కూడా బాంబు పడలేదు సరికదా, యుద్ధకాలంలో అక్కడి కర్మాగారాల ఉత్పత్తి విపరీతంగా పెరిగింది. అందువల్ల భద్రత అన్న ఒకే మాటకు రెండు రాజధానుల్లో రెండు అర్థాలు ఏర్పడ్డాయి. మాస్కోకు భద్రత అంటే నేల: జర్మన్ సైన్యాలు దండెత్తి వచ్చిన పోలండ్ మైదానం మళ్ళీ శత్రువుల చేతుల్లోకి పోకూడదు. వాషింగ్టన్‌కు భద్రత అంటే తెరిచి ఉన్న వాణిజ్యం: 1930ల మాంద్యం, దేశాలు కట్టుకున్న సుంకాల గోడలు హిట్లర్ ఎదుగుదలకు దోహదం చేశాయని అక్కడి విధానకర్తలు గట్టిగా నమ్మారు. 1944లో బ్రెటన్‌వుడ్స్‌లో ప్రపంచ బ్యాంకుకూ అంతర్జాతీయ ద్రవ్యనిధికీ రూపకల్పన జరిగినప్పుడు సోవియట్ ప్రతినిధులు కూడా కూర్చున్నారు, కాని 1945 చివరికి వచ్చేసరికి స్టాలిన్ వాటిలో చేరలేదు. వీటికి తోడు పాత లెక్కలు ఉన్నాయి. పశ్చిమాన రెండో యుద్ధరంగం తెరవమని 1941 నుంచీ అడుగుతుంటే 1944 జూన్ దాకా తెరవలేదన్నది స్టాలిన్ మనసులోని ముల్లు. 1939 ఆగస్టులో హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని పోలండ్‌ను పంచుకున్నవాడు ఇతనే కదా అన్నది పశ్చిమ దేశాల మనసులోని ముల్లు.

ఆ పోలండ్ దగ్గరే మొదటి చీలిక కనిపించింది. 1944 అక్టోబరులో బ్రిటన్ ప్రధాని చర్చిల్ మాస్కో వెళ్ళి, బాల్కన్ ప్రాంతంలో ఎవరి పలుకుబడి ఎంత ఉండాలో ఒక కాగితం ముక్క మీద శాతాలు రాసి స్టాలిన్ ముందు పెట్టాడు: రుమేనియాలో 90 శాతం రష్యాకు, గ్రీసులో 90 శాతం బ్రిటన్‌కు, యుగోస్లావియాలో చెరి సగం. పొలం గట్లు మాట్లాడుకున్నట్టు సాగిన ఆ బేరంలో పోలండ్ లేదు. నాలుగు నెలల తరువాత క్రిమియాలోని యాల్టాలో, విముక్తి పొందిన దేశాల్లో స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలని ముగ్గురు నాయకులూ, అంటే స్టాలిన్, చర్చిల్, అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్, సంతకాలు చేశారు. పోలండ్ గురించి అక్కడ రాసుకున్న ఒప్పందం ఎంత సాగే గుణం కలదంటే, దాన్ని తెంపకుండానే రష్యన్లు యాల్టా నుంచి వాషింగ్టన్ దాకా సాగదీయగలరని రూజ్వెల్ట్ సైనిక సలహాదారు అడ్మిరల్ లేహీ అప్పుడే ఆయనతో అన్నాడు. రూజ్వెల్ట్‌కూ ఆ సంగతి తెలుసు. పోలండ్‌లో ఉన్నది ఎర్రసైన్యం, అంటే సోవియట్ సైన్యం, దాన్ని కాగితంతో కదిలించలేరు. 1945 ఏప్రిల్ 12న ఆయన చనిపోయాడు. విదేశాంగ విషయాల్లో ఏమాత్రం తర్ఫీదు లేని ఉపాధ్యక్షుడు ట్రూమన్ గద్దెనెక్కిన పదకొండో రోజున సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్‌ను ఎదురుగా పెట్టుకుని పోలండ్ విషయంలో కటువుగా మాట్లాడాడు. మే నెలలో, ఐరోపాలో యుద్ధం ముగియగానే, సోవియట్‌లకు వెళ్తున్న యుద్ధ సహాయం సరుకులను హఠాత్తుగా ఆపించాడు. ఓడలు వెనక్కి తిప్పించిన ఆ ఉత్తర్వును కొద్ది రోజుల్లోనే సవరించారు గాని, మాస్కోలో దాన్ని మరిచిపోలేదు.

1945 జులైలో బెర్లిన్ పక్కన విజేతలు జరిపిన పోట్స్‌డామ్ సమావేశం అనగానే అందరూ అణుబాంబు గురించే చెబుతారు. జులై 24న ట్రూమన్ స్టాలిన్ పక్కకు వెళ్ళి, అసాధారణ విధ్వంస శక్తిగల కొత్త ఆయుధం మా దగ్గర ఉందని అన్నాడు, గూఢచారుల ద్వారా ముందే తెలిసిన స్టాలిన్ పెద్దగా చలించినట్టు కనిపించలేదు అన్న కథ నిజమే. బాంబు వైరాన్ని భయంకరం చేసింది, కాని దాన్ని పుట్టించింది బాంబు కాదని నా అభిప్రాయం. పోట్స్‌డామ్‌లో అంతకంటే ముఖ్యమైనది నష్టపరిహారం గురించిన ఒక రాజీ. జర్మనీ నుంచి మొత్తం 2,000 కోట్ల డాలర్లు రాబట్టి అందులో సగం తమకివ్వాలని సోవియట్‌లు యాల్టాలో అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీని పిండి, ఆ భారాన్ని చివరికి తామే అప్పుల రూపంలో మోశామన్న జ్ఞాపకం అమెరికన్లది. ఓడిన జర్మనీని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ నాలుగు ఆక్రమణ మండలాలుగా పంచుకున్నాయి. కాబట్టి పోట్స్‌డామ్‌లో ఎవరి మండలం నుంచి వారు పరిహారం తీసుకోవాలని, అది కాక పశ్చిమ మండలాల్లోని మిగులు యంత్రసామగ్రిలో 10 శాతం ఉచితంగానూ మరో 15 శాతం ఆహారానికీ బొగ్గుకూ బదులుగానూ సోవియట్‌లకు ఇవ్వాలని తేల్చారు. జర్మనీని ఒకే ఆర్థిక విభాగంగా పరిగణిస్తామని అదే ఒప్పందంలో మరోచోట రాశారు. ఈ రెండు వాక్యాలకూ పొసగదు. తూర్పున సోవియట్‌లు కర్మాగారాలను పట్టాలతో సహా ఊడదీసి తీసుకుపోతుంటే, పశ్చిమాన ఆకలితో ఉన్న జర్మన్లకు అమెరికా, బ్రిటన్ తమ ప్రజల పన్నుల డబ్బుతో తిండి పెట్టవలసి వచ్చింది. 1946 మేలో అమెరికా ఉప సైనిక పాలకుడు జనరల్ క్లే తన మండలం నుంచి పరిహారపు రవాణాను నిలిపివేశాడు. 1947 జనవరి 1 నుంచి అమెరికా, బ్రిటన్ మండలాలు ఆర్థికంగా ఒక్కటయ్యాయి. జర్మనీ విభజన పటం మీద గీత గీయడంతో కాక ఇలా సరుకుల లెక్కలతో మొదలైంది.

1946ను మాటల సంవత్సరం అనవచ్చు. ఫిబ్రవరి 9న స్టాలిన్ మాస్కోలో చేసిన ప్రసంగం, ఫిబ్రవరి 22న మాస్కోలోని అమెరికా దౌత్యాధికారి జార్జ్ కెన్నన్ పంపిన సుదీర్ఘ తంతి, మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్ పట్టణంలో, ఐరోపాను రెండుగా చీలుస్తోందని చర్చిల్ చెప్పిన ఇనుప తెర, వారం పైచిలుకు రోజులకు సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దాలో చర్చిల్‌ను హిట్లర్‌తో పోలుస్తూ స్టాలిన్ ఇచ్చిన జవాబు, ఇవన్నీ మీరు చదివే ఉంటారు. తక్కువ మంది చదివేది సెప్టెంబరు 27న వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి నికొలాయ్ నోవికోవ్ మాస్కోకు పంపిన నివేదిక. దాన్ని కెన్నన్ తంతి పక్కన పెట్టుకుని చదవమని నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి. రష్యా పాలకుల అభద్రత విస్తరణగా మారుతుందని, గట్టిగా ఎదిరిస్తే అది వెనక్కి తగ్గుతుందని కెన్నన్ రాస్తే, అమెరికా గుత్త పెట్టుబడి ప్రపంచాధిపత్యాన్ని కోరుతోందని, సముద్రాల అవతల అది కడుతున్న సైనిక స్థావరాలే అందుకు సాక్ష్యమని నోవికోవ్ రాశాడు. ఎదుటివాడి ప్రతి అడుగూ పథకం ప్రకారం పడుతోందని, తమది మాత్రం ఆత్మరక్షణ అని ఇద్దరి లెక్క. నోవికోవ్ నివేదిక మొలొటోవ్ కోరిన ధోరణిలోనే తయారైందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పైవాడు వినదలచుకున్నది కిందివాడు రాయడం అన్ని కార్యాలయాల్లోనూ ఉన్నదే. అదే ఏడాది ఉత్తర ఇరాన్ నుంచి సోవియట్ సేనలు గడువు దాటాక గాని కదలలేదు, నల్లసముద్రపు జలసంధుల కోసం టర్కీ మీద ఒత్తిడి వచ్చింది. రెండు చోట్లా అమెరికా గట్టిగా నిలబడగానే స్టాలిన్ వెనక్కి తగ్గాడు. గట్టిగా ఉంటే చాలు, రష్యా తగ్గుతుందన్న పాఠం వాషింగ్టన్‌కు ఒంటబట్టింది.

1946-47 చలికాలం ఐరోపాలో అతి కఠినమైనది. బ్రిటన్‌లో బొగ్గు కదలక కర్మాగారాలు మూతబడ్డాయి. గ్రీసు, టర్కీలకు ఇక సాయం చేయలేమని ఫిబ్రవరి 21న బ్రిటన్ అమెరికాకు తెలియజేసింది. ఒక కుళ్ళిన ఆపిల్ బుట్టలోని పండ్లన్నిటినీ పాడుచేసినట్టు గ్రీసు పోతే ఇరాన్ దాకా పోతుందని అమెరికా విదేశాంగ ఉపమంత్రి డీన్ అచెసన్ అక్కడి చట్టసభ కాంగ్రెసు నాయకులను ఒప్పించాడు. మార్చి 12న ట్రూమన్ ఆ రెండు దేశాలకు 40 కోట్ల డాలర్లు అడుగుతూ, ప్రపంచం రెండు జీవన విధానాలుగా చీలిందని, సాయుధ మైనారిటీలనూ బయటి ఒత్తిళ్ళనూ ఎదిరించే స్వేచ్ఛాప్రజలకు అండగా నిలవడం అమెరికా విధానం కావాలని ప్రకటించాడు. డబ్బు అడిగింది రెండు దేశాలకు, మాట ఇచ్చింది ప్రపంచానికంతటికీ. ఇందులో ఒక విడ్డూరం ఉంది. గ్రీసు విషయంలో స్టాలిన్ చర్చిల్ కాగితాన్ని దాదాపుగా పాటించాడు. గ్రీకు గెరిల్లాలకు ముఖ్యంగా ఆయుధాలు ఇచ్చింది యుగోస్లావియా నాయకుడు టిటో. 1948 ఫిబ్రవరిలో యుగోస్లావ్ ప్రతినిధులను పిలిపించుకుని, ఆ తిరుగుబాటును చుట్టబెట్టమని స్టాలిన్ చెప్పాడు. అప్పుడు వాషింగ్టన్‌కు ఇవేవీ తెలియవు. తెలిసినా ఆ ప్రసంగం మారేదని నేననుకోను.

అసలు మలుపు 1947 వేసవి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాస్కోలో నాలుగు దేశాల విదేశాంగ మంత్రులు జర్మనీ గురించి ఆరు వారాలపాటు చర్చించారు. సోవియట్‌లు మళ్ళీ 1,000 కోట్ల డాలర్ల పరిహారం అడిగారు, ఒప్పందం కుదరలేదు. చివర్లో అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ స్టాలిన్‌ను కలిసినప్పుడు, తొందరేమీ లేదు, తరువాతయినా రాజీ కుదురుతుందన్న ధోరణిలో స్టాలిన్ మాట్లాడాడు. ఐరోపా కుప్పకూలితే ఏరుకుందామని ఇతను కాచుకుని ఉన్నాడని మార్షల్‌కు తోచింది. వైద్యులు చర్చించుకుంటుండగా రోగి క్షీణిస్తున్నాడని తిరిగొచ్చాక రేడియోలో చెప్పాడు. జూన్ 5న హార్వర్డ్‌లో ఆయన ప్రతిపాదించిన సహాయ ప్రణాళిక ఏ దేశానికీ వ్యతిరేకం కాదని, ఆకలికీ పేదరికానికీ వ్యతిరేకమని చెప్పింది. సోవియట్‌లకూ తలుపు తెరిచే ఉంచింది, వారు రాకపోతే మేలన్న ఆశ లోపల ఉన్నా సరే. మొలొటోవ్ వందమంది దాకా సలహాదారులతో పారిస్ వచ్చాడు, అంటే మాస్కో ముందు దాన్ని సీరియస్‌గానే తీసుకుంది. అయితే ఉమ్మడి ప్రణాళికకు ప్రతి దేశమూ తన ఆర్థిక లెక్కలు బయటపెట్టాలని, పశ్చిమ జర్మనీ పరిశ్రమలు ఐరోపా పునరుద్ధరణకు ఇరుసుగా ఉంటాయని తేలేసరికి జులై 2న లేచి వెళ్ళిపోయాడు. పారిస్ సమావేశానికి రావడానికి అప్పటికే ఒప్పుకున్న చెకోస్లోవేకియా ప్రధాని గాట్‌వాల్డ్‌ను, విదేశాంగ మంత్రి మసారిక్‌ను స్టాలిన్ మాస్కోకు పిలిపించి ఆ నిర్ణయాన్ని రద్దు చేయించాడు. పోలండ్ కూడా వెనకడుగు వేసింది. ప్రణాళిక కింద తరువాతి నాలుగేళ్ళలో పశ్చిమ ఐరోపాకు సుమారు 1,300 కోట్ల డాలర్లు అందాయి. నన్ను ఒక్క వారం చెప్పమంటే జులై మొదటి వారమే చెబుతాను: అంతకుముందు విభేదాలున్నా తూర్పు ఐరోపాలో కొంత వెసులుబాటు మిగిలి ఉంది, హంగేరీ, చెకోస్లోవేకియాల్లో నిజమైన ఎన్నికలు జరిగాయి, ఆ తరువాత స్టాలిన్ ఆ వెసులుబాటును ఒక్కొక్కటిగా మూసివేశాడు. సెప్టెంబరులో పోలండ్‌లోని ష్క్లార్‌స్కా పొరెంబాలో ఐరోపా కమ్యూనిస్టు పార్టీల సమన్వయ సంస్థ కమింఫార్మ్ ఏర్పడింది. 1948 ఫిబ్రవరిలో ప్రాగ్‌లో కమ్యూనిస్టులు పూర్తి అధికారం చేజిక్కించుకున్నారు. మార్చి 10న మసారిక్ తన కార్యాలయ భవనం కిటికీ కింద శవమై కనిపించాడు.

మన ప్రాంతానికి దీనితో సంబంధం ఉందా అని కూడా అడిగారు గనుక ఇక్కడే చెబుతాను. కమింఫార్మ్ సభలో సోవియట్ నాయకుడు జ్దానోవ్ ప్రపంచం సామ్రాజ్యవాద, ప్రజాస్వామిక శిబిరాలుగా చీలిపోయిందని చెప్పిన సూత్రీకరణ 1948 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కలకత్తాలో జరిగిన భారత కమ్యూనిస్టు పార్టీ మహాసభ మీద బలంగా పనిచేసింది. పి.సి. జోషి స్థానంలో బి.టి. రణదివే ప్రధాన కార్యదర్శి అయ్యాడు, నెహ్రూ ప్రభుత్వం ఆ లెక్కలో శత్రు శిబిరంలో పడింది. తెలంగాణ సాయుధ పోరాటం అంతకు ముందే నిజాం పాలన మీద, దొరల వెట్టి మీద మొదలైనది కాబట్టి దాన్ని మాస్కో పుట్టించిందనడం తప్పు. కాని సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక కూడా దాన్ని కొనసాగించాలా అన్న వాదనలో ఈ శిబిరాల సిద్ధాంతానికి పాత్ర ఉంది. చివరికి 1951 మొదట్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌నే కలిశారు. చైనా గెరిల్లాలకు వెనక సోవియట్ సరిహద్దు అండగా ఉంది, మీకు అటువంటిది లేదన్నది ఆయన చెప్పిన ముఖ్యమైన మాట. ఆ అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

తిరిగి బెర్లిన్‌కు వద్దాం. 1948 జూన్ 20న పశ్చిమ మండలాల్లో మార్కు అన్న కొత్త కరెన్సీ వచ్చింది. విలువలేని పాత నోట్లు పోయి దుకాణాల్లో రాత్రికి రాత్రి సరుకులు కనిపించాయి. అదే సమయంలో విడి జర్మన్ రాజ్యం రాబోతోందని సోవియట్‌లకు స్పష్టమైంది. ఆ కరెన్సీని, బెర్లిన్ నగరంలో పశ్చిమ దేశాల చేతిలో ఉన్న భాగమైన పశ్చిమ బెర్లిన్‌లో కూడా ప్రవేశపెట్టగానే జూన్ 24న సోవియట్‌లు రోడ్లూ రైళ్ళూ కాలువలూ మూసేశారు. సోవియట్ మండలం మధ్య ద్వీపంలా ఉన్న ఆ నగర భాగంలో 20 లక్షలకు పైగా జనం. ఇక్కడ ఒక చిన్న కాగితం చరిత్రను నడిపించింది: నేల దారుల మీద హక్కు గురించి రాతపూర్వకమైన ఒప్పందం ఏదీ లేదు, కాని 1945 నవంబరులో విమానాల భద్రత కోసం మూడు గగన మార్గాల మీద మాత్రం నాలుగు దేశాలూ సంతకాలు చేశాయి. సాయుధ వాహనశ్రేణితో రోడ్డు తెరిపిద్దామన్న జనరల్ క్లే సూచనను ట్రూమన్ ఒప్పుకోలేదు. ఆకాశంలో అడ్డుకోవాలంటే మొదటి గుండు సోవియట్‌లే పేల్చాలి, స్టాలిన్ పేల్చలేదు. ఆ తరువాత 2.77 లక్షల విమాన ప్రయాణాల్లో 20 లక్షల టన్నులకు పైగా సరుకు దిగింది, అందులో సుమారు మూడింట రెండు వంతులు బొగ్గు. టెంపెల్‌హోఫ్, గాటోవ్ విమానాశ్రయాలు చాలక టెగెల్‌లో బెర్లిన్ మహిళలు పెద్ద సంఖ్యలో పనిచేసి కొన్ని నెలల్లోనే కొత్త రన్‌వే వేశారు. 1949 మే 12న దిగ్బంధనం ఎత్తివేశారు. మూడేళ్ళ కింద ఆ నగరం మీద బాంబులు వేసిన దేశాలే పిండిమూటలు దించుతుంటే జర్మన్ల మనసు ఎటు మొగ్గుతుందో స్టాలిన్ ఊహించలేకపోయాడు. ఆయన చేసిన పొరపాట్లలో ఇది అతి పెద్దదని నా లెక్క: పశ్చిమ జర్మనీ రాజ్యాన్ని ఆపాలని మొదలుపెట్టిన పని దాన్ని త్వరపరచింది. 1949లోనే ఏప్రిల్ 4న 12 దేశాలతో నాటో సైనిక కూటమి, మే 23న పశ్చిమ జర్మనీకి రాజ్యాంగంలాంటి మౌలిక చట్టం, అక్టోబరు 7న తూర్పు జర్మనీ.

అప్పటికీ ఇది ప్రధానంగా రాజకీయ, ఆర్థిక వైరమే. దాన్ని సైనిక వైరంగా మార్చినవి తరువాతి పది నెలలు. 1949 ఆగస్టు 29న సోవియట్‌లు సెమీపలాటిన్‌స్క్ దగ్గర అణుబాంబు పరీక్షించారు, అక్టోబరు 1న మావో చైనా జనతా గణతంత్రాన్ని ప్రకటించాడు. రక్షణ బలాన్ని భారీగా పెంచాలని చెప్పే, అమెరికా జాతీయ భద్రతా మండలి తయారుచేసిన ఎన్‌.ఎస్‌.సి.-68 అన్న రహస్య పత్రం 1950 ఏప్రిల్‌లో ట్రూమన్ బల్ల మీదకు వచ్చింది. డబ్బెక్కడిదని ఆయన సందేహించాడు. జూన్ 25న ఉత్తర కొరియా సేనలు రెండు కొరియాల మధ్య గీత అయిన 38వ అక్షాంశం దాటాయి, సందేహం తీరిపోయింది. ఈ దాడికి ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సంగ్ పదేపదే అనుమతి అడిగితే స్టాలిన్ ఆ ఏడాది మొదట్లో ఒప్పుకున్నాడని సోవియట్ పత్రాలు బయటపడ్డాక స్పష్టమైంది, అంటే ఇక్కడ తప్పు ఎవరిదన్న ప్రశ్నకు సూటిగానే జవాబు ఉంది. ఐక్యరాజ్యసమితిలో చైనా స్థానం మావో ప్రభుత్వానికి ఇవ్వనందుకు భద్రతామండలిని బహిష్కరించి ఉన్న సోవియట్ ప్రతినిధి, కొరియా మీద వచ్చిన తీర్మానాలకు వీటో వేయడానికి కూడా అక్కడ లేడు. మూడేళ్ళలో అమెరికా రక్షణ వ్యయం మూడు రెట్లకు మించిపోయింది. సోవియట్ విస్తరణను అడ్డుకునే విధానానికి కట్టడి అన్న మాటను సృష్టించిన కెన్నన్ ఈ సైనికీకరణను ఇష్టపడలేదు; తాను చెప్పింది ప్రధానంగా రాజకీయ కట్టడి అని జీవితాంతం చెబుతూనే ఉన్నాడు.

కొరియా దెబ్బకు తిరిగి వచ్చిన ప్రశ్న మళ్ళీ జర్మనీయే: ఓడిపోయిన అయిదేళ్ళకే జర్మన్ల చేతికి తుపాకీ ఇవ్వడమా? ఫ్రాన్సు నాలుగేళ్ళు తటపటాయించింది. 1952 మార్చి 10న స్టాలిన్ తటస్థమైన, ఏకమైన జర్మనీని ప్రతిపాదిస్తూ లేఖ పంపాడు. అది నిజాయితీ గలదా, ఎత్తుగడా అన్నది చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్న విషయం. పశ్చిమ దేశాలు దాన్ని పరీక్షించి చూడలేదన్నది మాత్రం నిజం. 1955 మే నెలలో పశ్చిమ జర్మనీ నాటోలో చేరింది, మే 14న దానికి పోటీగా సోవియట్ కూటమి వార్సా ఒప్పందం వచ్చింది. ఆ మరునాడే, మే 15న, వియన్నాలో అవే నాలుగు దేశాలు ఆస్ట్రియాతో ఒప్పందం మీద సంతకం చేశాయి. జర్మనీలాగే నాలుగు మండలాలుగా చీలి ఉన్న ఆ దేశం నుంచి ఎర్రసైన్యం వెళ్ళిపోయింది, ఆస్ట్రియా తటస్థ దేశమైంది. సిద్ధాంతం ఒక్కటే ఈ వైరానికి మూలమని ఎవరైనా వాదిస్తే నేను ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఆస్ట్రియాలో జర్మనీలోని రూర్ ప్రాంతంలాంటి బొగ్గుగనులు లేవు, దాన్ని చూసి ఎవరికీ భయం లేదు, అందుకే రాజీ కుదిరింది.

తరువాత ఎదిగిన కథ, అంటే 1957లో స్పుత్నిక్, 1961లో బెర్లిన్ గోడ, 1962 అక్టోబరులో క్యూబా, మీరు అడిగిన దానికి కొనసాగింపే గాని ఆ వివరాలకు మరో జవాబు కావాలి. ఒకటి మాత్రం గమనించండి: క్యూబాలో సోవియట్ క్షిపణుల సంగతి తెలిసిన వెంటనే అమెరికా అధ్యక్షుడు కెనడీ సలహాదారులు వేసుకున్న లెక్కల్లో కూడా, దీనికి బదులు సోవియట్ నాయకుడు కృశ్చేవ్ బెర్లిన్‌లో తీర్చుకుంటే ఏం చేయాలన్న ప్రశ్న పదేపదే వచ్చింది. పోట్స్‌డామ్‌లో తరువాత చూద్దామని పక్కన పెట్టిన జర్మనీ తుది ఒప్పందం మీద అవే నాలుగు దేశాలు, రెండు జర్మనీలతో కలిసి, 1990 సెప్టెంబరు 12న మాస్కోలో సంతకం చేశాయి.